ప్రాణముతోపాటు జ్ఞాపకమును కాపాడవలెను

"ప్రాణము దక్కిన చాలును" అని రోగి బంధువులు వైద్యునితో చెప్పుట మన ఆసుపత్రులలో నిత్యము వినబడు మాట. ఆ మాటలో ప్రేమ కలదు, భయము కలదు. కాని కొంత తొందరపాటు కూడ కలదు. దక్కిన ప్రాణముతో మనుష్యుడు ఏమి చేయును? ఉదయము చెప్పిన మాటను సాయంకాలము వరకు గుర్తుంచుకొనును. తన మందులు తాను వేసికొనును. అంగడికి పోయి చిల్లర లెక్క చూచుకొని తిరిగి ఇంటికి దారి తప్పక వచ్చును. ఈ పనులన్నింటికిని ఆధారము జ్ఞాపకశక్తి. కావున కొన్ని చికిత్సల విషయములో ప్రాణమును గూర్చి అడిగిన వెంటనే జ్ఞాపకమును గూర్చి కూడ అడుగవలసి యున్నది.

ఊపిరితిత్తుల కాన్సరులో ఒక తెగ మెదడునకు ప్రాకు స్వభావము గలది. అట్లు ప్రాకకుండ ముందుజాగ్రత్తగా మెదడునకు కిరణ చికిత్స చేయుట చాలకాలముగా ఆచారములో నున్నది. ఈ చికిత్స ఎందరికో మేలు చేసినది. కొందరి జ్ఞాపకమును దెబ్బతీసినది. మేలును నిలుపుకొని కీడును తగ్గించుకొను మార్గములు నేడు కొన్ని కలవు. ఏ మార్గమును పట్టవలెనన్నను, ముందుగా రోగి జ్ఞాపకశక్తి ఎంత యున్నదో కొలిచి వ్రాసి యుంచవలెను. ఆ కొలత రోగి మాతృభాషలో జరుగవలెను. స్వరాష్ట్రమునకు దూరముగా గమ్హరియా వంటి చోట్ల కాపురముండు తెలుగువారి విషయములో ఇది మరింత అవసరము. ఈ చిన్న వ్యాసము చెప్పదలచినది ఇదియే.

ముందుజాగ్రత్త చికిత్స యనగా నేమి?

ఊపిరితిత్తుల కాన్సరులలో చిన్నకణముల కాన్సరు అనునది నూటికి సుమారు పదునైదు వంతులు. ఇది దాదాపు ఎల్లప్పుడును పొగాకుతో ముడివడినది. బీడీయైనను, సిగరెట్టైనను, చుట్టయైనను ఫలము ఒక్కటియే. ఈ కాన్సరు త్వరగా పెరుగును, త్వరగా ప్రాకును. కాని మొదట మందులకును కిరణములకును బాగుగా లొంగును. ఎదలోని గడ్డ కరగి, రోగి కోలుకొని ఇల్లు చేరిన కొలది నెలలకే తలనొప్పియో, వాంతులో, చేతికాళ్ల పట్టు తప్పుటయో, మూర్ఛయో కలిగి మరల ఆసుపత్రికి వచ్చుట తరచుగా జరుగుచుండెడిది. దీనికి కారణము కలదు. రక్తమునకును మెదడునకును నడుమ ప్రకృతి ఒక కట్టడిని ఏర్పరచినది. రక్తములోని విషపదార్థములు మెదడును సోకకుండుటకు అది రక్షణ. కాని కాన్సరు మందులలో పెక్కు ఆ కట్టడిని దాటి చాలినంతగా లోపలికి పోజాలవు. అంతకుముందే లోపల చేరిన కణములు అక్కడ దాగియుండి పెరుగును.

కంటికి గాని, యంత్రమునకు గాని ఇంకను కనబడని ఆ కణములను మొలకలోనే త్రుంచుటకై మెదడంతటికిని స్వల్పమైన మోతాదులో కిరణములను ప్రసరింపజేయుదురు. నేడు సాధారణముగా ఇచ్చు మోతాదు 25 గ్రేలు. గ్రే యనునది శరీరము గ్రహించిన కిరణశక్తికి కొలత. దీనిని 10 విడతలుగా, దినమునకు ఒక విడత చొప్పున, సుమారు రెండు వారములలో పూర్తి చేయుదురు. రోగి ముఖమునకు సరిగా అమరు వలవంటి ముసుగును తయారుచేసి, తల కదలకుండ బిగించి, యంత్రము క్రింద పరుండబెట్టుదురు. ఆ సమయమున నొప్పి యుండదు. జుట్టు రాలుట, అలసట, తలనొప్పి, నిద్రమత్తు కొంతకాలము కలుగవచ్చును.

లాభము ఎంత?

ఈ చికిత్స వట్టి ఆశమీద నిలిచినది కాదు. 1999లో ఏడు పరిశోధనలను కలిపి, మొత్తము 987 మంది రోగుల వివరములను పరిశీలించిరి. వీరందరును మొదటి చికిత్సతో గడ్డ పూర్తిగా కరగినవారు. మూడేండ్లకు జీవించి యున్నవారు కిరణములు పొందనివారిలో నూటికి 15.3, పొందినవారిలో నూటికి 20.7. మెదడునకు కాన్సరు ప్రాకుట 58.6 నుండి 33.3కు తగ్గినది. అనగా నూరుగురికి ఈ చికిత్స చేసిన అయిదుగురు అదనముగా మూడేండ్లు బ్రతుకుదురు. ఇరువదియైదుగురు మెదడు జబ్బునుండి తప్పించుకొందురు. ఇది చిన్న లాభము కాదు.

అటు తరువాత 2007లో ఐరోపా వైద్యులు, కాన్సరు ఎదను దాటి ఇతర అవయవములకు వ్యాపించిన 286 మంది రోగులలో ఈ చికిత్సను పరీక్షించిరి. ఏడాదికి బ్రతికి యున్నవారు నూటికి 13.3 నుండి 27.1కి పెరిగిరి. దీనితో ఈ చికిత్స ఎల్లెడల వ్యాపించినది. కాని ఆ పరిశోధనలో చికిత్సకు ముందు రోగులందరి మెదడును తప్పనిసరిగా చిత్రించి చూడలేదు. కొందరిలో కాన్సరు అప్పటికే మెదడులో ఉండవచ్చును. జపాను వైద్యులు ఈ లోపమును సవరించి, ఎం.ఆర్.ఐ. చిత్రములో మెదడు శుభ్రముగా ఉన్నవారినే తీసికొని, కిరణములు పొందని వారికి నియమిత కాలములలో మరల మరల ఎం.ఆర్.ఐ. తీయుచు వచ్చిరి. 2017లో వెలువడిన ఆ ఫలితములలో కిరణములు పొందినవారి మధ్యస్థ జీవితకాలము 11.6 నెలలు, పొందనివారిది 13.7 నెలలు. వ్యాధి వ్యాపించినవారిలో ఆయువు పెరుగుట అక్కడ కనబడలేదు.

కావున నేటి స్థితి ఇది: కాన్సరు ఎదలోనే యుండి, చికిత్సకు బాగుగా లొంగినవారికి ముందుజాగ్రత్త కిరణములకు మంచి ఆధారము కలదు. వ్యాధి వ్యాపించినవారికి కిరణములా, ఎం.ఆర్.ఐ.తో కనిపెట్టి యుండుటయా అనునది వైద్యుడును రోగియు కూర్చుండి ఆలోచింపవలసిన విషయము. ఆలోచన అనగానే త్రాసు కావలెను. త్రాసునకు రెండు తట్టలు కలవు. ఒక తట్టలో ఆయువు. రెండవ తట్టలో జ్ఞాపకము. మొదటి తట్టలోని తూనికరాళ్లను చూచితిమి. రెండవదానిని ఇప్పుడు చూడవలెను.

జ్ఞాపకమునకు దెబ్బ ఎక్కడ తగులును?

మెదడులో రెండు ప్రక్కలను, కణతలకు లోపలి భాగమున, హిప్పోకాంపస్ అను చిన్న అవయవము కలదు. దాని ఆకారమునుబట్టి పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు దానికి సముద్రపు గుఱ్ఱము పేరు పెట్టిరి. దాని పని ఏమో లోకమునకు స్పష్టముగా తెలిసినది ఒక విషాదము వలన. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున స్కోవిల్ అను శస్త్రవైద్యుడు, తీవ్రమైన మూర్ఛరోగముతో బాధపడుచున్న హెన్రీ మొలైసన్ అను యువకుని మెదడునుండి ఈ భాగములను రెండు ప్రక్కలను చాలవరకు తొలగించెను. మూర్ఛలు తగ్గినవి. కాని ఆ దినము మొదలు క్రొత్త విషయమేదియు అతని మనస్సులో నిలువలేదు. చిన్ననాటి ఊరు గుర్తున్నది; అరగంటకు ముందు మాటలాడిన మనిషి గుర్తులేడు. బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు ఎన్నో యేండ్లు అతనిని పరీక్షించి, క్రొత్త జ్ఞాపకములు నిలుచుటకు హిప్పోకాంపస్ ద్వారమువంటిదని నిరూపించెను. ఆయన 2008లో మరణించువరకు శాస్త్ర గ్రంథములలో పేరు లేక రెండక్షరములతోనే ప్రసిద్ధుడై యుండెను.

తెలుగువారికి ఈ విషయము సులభముగా బోధపడును. అవధాని విడతలు విడతలుగా చెప్పిన పద్యములను సభ ముగియునప్పుడు వరుసగా అప్పగించుటను ధారణ యందుము. అవధానికి అది విద్య. కాని చిన్న యెత్తున ప్రతి గృహస్థుని దినచర్యలోను ధారణ యున్నది. పొయ్యిమీద పాలు పెట్టిన సంగతి, మనుమడు బడినుండి వచ్చు వేళ, వైద్యుడు మార్చిన మాత్ర, ఇవన్నియు ధారణ కావలసిన విషయములే. కిరణ చికిత్స వలన మొదట తగ్గునది పాత జ్ఞాపకము కాదు, ఈ ధారణ. నలువదియేండ్ల క్రిందటి పెండ్లి ముచ్చటలు చక్కగా చెప్పు మనిషి నిన్నటి మాటను మరచును. అందుచేతనే ఇంటివారు మోసపోవుదురు. "పాత సంగతులన్నియు చెప్పుచున్నారు గదా, మతికేమి లోపము?" అనుకొందురు.

హిప్పోకాంపస్‌లోని కొన్ని మూలకణములు కిరణములకు మిక్కిలి సుకుమారములని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. సన్నని రక్తనాళములకు కలుగు హాని కూడ దీనికి తోడగును. వయస్సు అరువది దాటినవారికిని, మోతాదు హెచ్చైనవారికిని ప్రమాదము ఎక్కువ.

ఇందులో కాన్సరు పాలెంత, కాన్సరు మందుల పాలెంత, కిరణముల పాలెంత అను ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము మరియొక పరిశోధనలో కొంత దొరికినది. ఊపిరితిత్తుల కాన్సరులో చిన్నకణములది కాని మరియొక తెగ రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మాత్రమే మెదడునకు ముందుజాగ్రత్త కిరణములిచ్చి, 2011లో ఫలితములను ప్రకటించిరి. ఏడాదికి మెదడునకు ప్రాకుట నూటికి 18 నుండి 7.7కు తగ్గినది, ఆయువు మాత్రము పెరుగలేదు. ఏడాది చివర సాధారణమైన చిన్న ప్రశ్నావళితో పరీక్షించినప్పుడు రెండు జట్లకును భేదము కనబడలేదు. కాని పదముల పట్టికను చదివి వినిపించి, కొంతసేపటికి మరల చెప్పుమని అడిగినప్పుడు, కిరణములు పొందినవారిలో తగ్గుదల స్పష్టముగా తేలినది. అనగా నష్టమున్నను, కొలుచు సాధనము మోటుదైనప్పుడు అది కనబడదు.

రక్షణకు నాలుగు మార్గములు

మొదటి మార్గము మోతాదును మితముగా ఉంచుట. 720 మంది రోగులతో జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో 36 గ్రేలు ఇచ్చినందువలన 25 గ్రేలకంటె మేలేమియు కలుగలేదు. ఎక్కువ ఇచ్చిన ఎక్కువ గుణమను భావము ఇక్కడ చెల్లదు.

రెండవది హిప్పోకాంపస్‌ను తప్పించి కిరణములిచ్చుట. ఎం.ఆర్.ఐ. చిత్రముపై ఆ భాగమును గీచి గుర్తించి, కిరణపుంజముల దిశను, తీవ్రతను యంత్రముచేత మార్చుచు, మిగిలిన మెదడునకు పూర్తి మోతాదును, ఆ చిన్న భాగమునకు తక్కువ మోతాదును చేరునట్లు చేయుదురు. ఆ భాగమునకు కాన్సరు ప్రాకుట అరుదు. ఇదివరకే మెదడునకు కాన్సరు ప్రాకిన 518 మందిలో చేసిన పరీక్షలో, 2020లో వెలువడిన ఫలితముల ప్రకారము, ఈ పద్ధతి వలన బుద్ధిశక్తి క్షీణించు ప్రమాదము సుమారు నాలుగవ వంతు తగ్గినది. ముందుజాగ్రత్త చికిత్సలో మాత్రము ఫలితములు ఏకముగా లేవు. స్పెయినులో 150 మందితో చేసిన పరిశోధనలో మూడు నెలలకు ధారణ తగ్గినవారు మామూలు పద్ధతిలో నూటికి 23.5, తప్పించిన పద్ధతిలో 5.8. నెదర్లాండ్సు పరిశోధకులు 168 మందిలో చూడగా భేదమేమియు కనబడలేదు. ఈ రెండును 2021లో వెలువడినవి. 2023లో ప్రకటింపబడిన 393 మంది ఉత్తర అమెరికా పరిశోధనలో ముఖ్య పరీక్షయైన పదముల ధారణలో చెప్పదగిన భేదము లేదు. పలు పరీక్షలను కలిపి చూచినప్పుడు మాత్రము తప్పించిన పద్ధతియే మేలని తేలినది. మెదడులో కాన్సరు తిరుగబెట్టుట పెరుగలేదు. స్పెయినువారును, నెదర్లాండ్సువారును వాడిన జ్ఞాపక పరీక్షలు వేరువేరు అనునది కూడ గమనింపదగినది.

మూడవది మెమాంటిన్ అను మందు. మతిమరపు రోగమునకు వాడు ఈ మందును కిరణములతోపాటు ప్రారంభించి 24 వారములు ఇచ్చి చూచిరి. 2013లో వెలువడిన ఆ ఫలితములలో ముఖ్యాంశమున నిశ్చయమైన గెలుపు రాలేదు. కాని క్షీణత ఆలస్యమైనది. పెద్దగా హాని చేయదు గావున పలువురు వైద్యులు దీనిని వాడుచున్నారు. వైద్యుని అనుమతి లేక దీనిని కొని మ్రింగరాదు. బజారులో అమ్ము జ్ఞాపకశక్తి లేహ్యములు, చూర్ణములు దీనికి బదులు కాజాలవు.

నాలుగవది కిరణములను ఆపి, నియమముగా ఎం.ఆర్.ఐ. తీయుచు కనిపెట్టి యుండుట. కాన్సరు కనబడినప్పుడే చికిత్స చేయుదురు. ఇది వినుటకు సులభము; ఆచరణలో కష్టము. మొదటి ఏడాది సుమారు మూడు నెలలకొకసారి రోగి తప్పక రావలెను. కూలి పోగొట్టుకొని, బండి కట్టుకొని, వరుసలో నిలుచుండి రాగలవారెందరు? రాజాలనివారికి ఈ మార్గము మేలు చేయుటకు బదులు కీడు చేయును.

ఈ నాలుగింటిలో ఏది ఎవరికి తగును? రోగి వయస్సు, వ్యాధి స్థితి, యంత్ర సౌకర్యము, రాకపోకల వీలు, వీటితోపాటు రోగి జ్ఞాపకశక్తి నేడు ఎట్లున్నదో తెలిసినగాని చెప్పలేము. ఇదివరకే మతిమరపు గల డెబ్బదియేండ్ల వృద్ధునకును, నిశితమైన జ్ఞాపకము గల యాబదియేండ్ల గృహస్థునకును ఒకే సలహా చెల్లదు.

గమ్హరియాలోని తెలుగు రోగి

హౌరానుండి బొంబాయికి పోవు రైలుమార్గమున టాటానగర్ దాటి, ఖర్కాయి నదికి ఆవలనున్న ఆదిత్యపూర్ తరువాత వచ్చునది గమ్హరియా. సరాయికెలా ఖర్సావా జిల్లాలోని ఈ ప్రాంతమంతయు కర్మాగారముల సీమ. 1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపింపబడినది మొదలు ఉత్తర కోస్తా జిల్లాలనుండి తెలుగువారు ఈ ప్రాంతమునకు వలసపోయి, పనిచేసి, తరతరములుగా స్థిరపడిరి. జంషెడ్పూరులో బిష్టుపూరునందలి రామమందిరము, కదమాయందలి ఆంధ్ర అసోసియేషన్ వారి ఉనికికి గురుతులు. అక్కడ తెలుగు పాలనాభాష కాదు. పనిలో హిందీ, అంగడిలో హిందీ, బెంగాలీ, ఒడియా, ఇరుగుపొరుగున సంతాలీ, హో. ఇంటిలో మాత్రము శ్రీకాకుళపు తెలుగు.

కాన్సరు చికిత్సకు ఈ ప్రాంతము అనాథ కాదు. జంషెడ్పూరులో 1975లో మెహర్‌బాయి టాటా స్మారక ఆసుపత్రి వెలసినది. దోరాబ్జీ టాటా సతీమణియైన ఆమె 1931లో రక్త కాన్సరుతో మరణించిరి. ఆ దుఃఖమే టాటా వంశీయుల కాన్సరు సేవకు మూలము. 1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి ఆరంభమైనది. వైద్యము అందుబాటులో నున్నది. ఇక అందవలసినది భాష.

పనినుండి విరమించిన ఒక తెలుగు కార్మికుని ఊహించుకొనుడు. ముప్పదియేండ్లు హిందీలో పనిచేసినాడు గావున "మీకు హిందీ వచ్చునా?" అని అడిగిన "వచ్చును" అనును. అది నిజమే. పనిముట్ల హిందీ వచ్చును, పర్యవేక్షకునితో మాటలాడు హిందీ వచ్చును. అతనికి పండ్రెండు హిందీ పదములను చదివి వినిపించి మరల చెప్పుమందురు. అందు నాలుగు అతడెన్నడును వాడని పదములు. అయిదు మాత్రమే చెప్పగలుగును. ఆ సంఖ్య కాగితముపై నెక్కును. కిరణ చికిత్స జరిగిన ఆరు నెలలకు మరల పరీక్షింపగా నాలుగో, అయిదో చెప్పును. "మార్పు లేదు" అని వ్రాయుదురు. నిజమునకు తెలుగులో మొదట తొమ్మిది చెప్పగలవాడు ఇప్పుడు నాలుగే చెప్పగలవాడై యుండవచ్చును. నేలకు తగిలియున్న ముల్లు ఇంకను క్రిందికి దిగదు. పడిన బరువు త్రాసులో కనబడదు. ఇంట కోడలు మాత్రము మామగారు అడిగినదే అడుగుచున్నారని ఎరుగును. ఆమె మాటను వినుటకు కాగితములో స్థలము లేదు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడ కలుగవచ్చును. భాష తెలియక తక్కువ చెప్పిన రోగిని మతి తగ్గినవానిగా లెక్కించి, అతనికి మేలు చేయదగిన చికిత్సను మానివేయవచ్చును. రెండు విధములను నష్టపోవువాడు రోగియే.

పదముల పట్టికలోని చిక్కు

ఇంగ్లీషు పట్టికను తెనిగించిన చాలునని కొందరందురు. అనువాద వృత్తిలో నున్నవాడనగుటచే ఈ విషయములో రెండు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను. వాక్యమును అనువదించుట వేరు, జ్ఞాపక పరీక్షలోని పదమును అనువదించుట వేరు. వాక్యమునకు అర్థము సరిపోయిన చాలును. పరీక్షా పదమునకు అర్థముతోపాటు పొడవు సరిపోవలెను, వాడుక సరిపోవలెను, అది చేరు కుదురు సరిపోవలెను. విరివిగా వాడు ఆ పరీక్షలో పండ్రెండు నామవాచకములు మూడు కుదురులుగా, కుదురునకు నాలుగు చొప్పున ఉండును. మూడుసార్లు చదివి వినిపించి, ఇరువది ఇరువదియైదు నిమిషముల తరువాత మరల అడుగుదురు. ఇంగ్లీషున ఒక్క అక్షరముతో ముగియు పదము తెలుగున నాలుగక్షరములగును. అక్కడ పసిపిల్లలకును తెలిసిన మాట ఇక్కడ పుస్తకములలో తప్ప వినబడదు.

తెలుగులోనే మాండలికపు చిక్కు వేరుగా నున్నది. కూరగాయల కుదురులో "సొరకాయ" అను పదమున్నదనుకొందము. శ్రీకాకుళపు కుటుంబమువాడు దానిని "ఆనపకాయ" అనును. విన్నది సొరకాయ, మనస్సు దాచుకొన్నది వస్తువును, నోట వచ్చినది ఆనపకాయ. ఇది జ్ఞాపకమా, మరపా? గమ్హరియాలో పుట్టిపెరిగిన అతని కుమారుడు అదే కాయను "లౌకీ" యనును. తెలుగెరుగని పరీక్షకుడు రెండింటిని తప్పుగా గుర్తించును. బంగాళాదుంప, ఉర్లగడ్డ, ఆలుగడ్డ అను మాటలదియు ఇదే గతి. కావున పట్టికను నిఘంటువు చూచి కాక, మనుషులను చూచి కూర్చవలెను. అంతేగాక రెండవసారి పరీక్షించునప్పుడు అదే పట్టికను వాడిన పాత పరిచయముచేత ఎక్కువ చెప్పుదురు. సమానమైన మరియొక పట్టిక సిద్ధముగా ఉండవలెను.

సంతోషింపదగిన విషయమేమన, ఈ పని మన దేశములో ఆరంభమైనది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడము, మలయాళము అను అయిదు భాషలలో బుద్ధిశక్తి పరీక్షల సంపుటి రూపొందినది. అది ముఖ్యముగా పక్షవాతము, మతిమరపు రోగములను దృష్టిలో నుంచుకొని చేసినదైనను, జ్ఞాపకమును కొలుచుటకు ఉపయోగపడును. ఆ అయిదింటిలో తెలుగున్నది గావున గమ్హరియా తెలుగు రోగికి తెలుగు పరీక్ష లేదనుటకు వీలులేదు. పరీక్ష కలదు, అది రోగి మంచము చెంతకు చేరవలెను. అదే వీధిలో నివసించు సంతాలీ, హో, ఒడియా సోదరుల భాషలు ఆ అయిదింటిలో లేవు. తెలుగువానికి కోరిన న్యాయమునే వారికిని కోరుట మన ధర్మము.

హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన విషయమొకటి ఇక్కడ స్మరింపదగినది. రెండు భాషలు మాటలాడువారిలో ఆ రోగము ఒక్క భాషవారికంటె సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనది; చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. బహుభాషా జీవనము మెదడునకు సంపద. ఆ సంపదను కొలుచువేళ మొదట నేర్చిన భాషను విడిచిపెట్టుట తగదు.

ఆక్షేపణలకు సమాధానము

"వైద్యునకు తీరిక ఎక్కడిది?" అందురు. వైద్యుడే చేయనక్కరలేదు. శిక్షణ పొందిన నర్సుగాని, తెలుగెరిగిన ఉద్యోగిగాని చేయవచ్చును. పదముల పరీక్షకు అరగంట చాలును. అందు అధిక భాగము వేచియుండుటయే.

"ఏడాదియో, రెండేండ్లో బ్రతుకువానికి జ్ఞాపకము లెక్క ఎందుకు?" అందురు. మిగిలిన కాలము తక్కువైనకొలది దాని విలువ ఎక్కువగును. కొడుకునకు ఇల్లు వ్రాయువాడు, కూతురు పెండ్లి మాట్లాడువాడు, మనుమరాలి పేరు పిలువగోరువాడు ఆ ఏడాదియందే అవి చేయవలెను.

"మతి తగ్గునని చెప్పిన రోగి భయపడి చికిత్సయే మానును" అందురు. ఈ ఆక్షేపణ బరువైనది. మానినందువలన మెదడునకు ప్రాకిన కాన్సరు మతిని కిరణములకంటె ఘోరముగా హరించును. దీనిని కూడ స్పష్టముగా చెప్పవలెను. కాని దాచినంతమాత్రమున భయము పోదు. ముందు చెప్పక, తరువాత ఇంటిలో మరపు మొదలైనప్పుడు కుటుంబము వైద్యమునే అనుమానించును. తరువాతి రోగి రానే రాడు. తెలిసి ఒప్పుకొన్న రోగి తోడ్పడును, తెలియక లొంగిన రోగి దూరమగును.

"తప్పించి కిరణములిచ్చు యంత్రము అన్ని చోట్ల లేదు" అందురు. నిజమే. అయినను మోతాదును మితముగా ఉంచుటకు, మెమాంటిన్ విషయము ఆలోచించుటకు, మాతృభాషలో పరీక్షించుటకు క్రొత్త యంత్రము అక్కరలేదు.

చేయవలసిన పనులు

రోగియు, బంధువులును చికిత్సకు ముందు వైద్యుని ఈ ప్రశ్నలను సంకోచింపక అడుగవలెను. మా స్థితిలో ఈ కిరణముల వలన ఆయువు పెరుగునా, లేక మెదడునకు ప్రాకుట మాత్రమే తగ్గునా? హిప్పోకాంపస్‌ను తప్పించి ఇచ్చు వీలు ఇచ్చట కలదా? మెమాంటిన్ మాకు తగునా? కిరణములకు బదులు ఎం.ఆర్.ఐ.తో కనిపెట్టి యుండవచ్చునా? జ్ఞాపక పరీక్ష ఏ భాషలో చేయుదురు? చివరి ప్రశ్నకు "తెలుగులో చేయుడు" అని కోరుట తప్పు కాదు. ఆ పరీక్ష ఫలితము యొక్క నకలును చికిత్స కాగితములతో భద్రపరచుకొనవలెను. గమ్హరియాలో మొదలిడి విశాఖపట్టణములోనో, హైదరాబాదులోనో చికిత్స కొనసాగించువారు కలరు. నకలు లేనిదే అక్కడి వైద్యునకు పూర్వస్థితి తెలియదు. ఖర్చు విషయములో ఇ.ఎస్.ఐ. హక్కు గలవారును, 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమునకు అర్హులైనవారును ముందుగనే విచారించుకొనవలెను.

ఇంటివారు రోజువారీ సంగతులు వ్రాయుటకు ఒక పుస్తకము ఉంచవలెను. తాళపుచెవులు, కళ్లద్దములు, మందులు ఎల్లప్పుడు ఒకే చోట నుండవలెను. రక్తపుపోటు, మధుమేహము అదుపులో నుండవలెను. నిద్రలేమి, దిగులు, చెవుడు కూడ మతిమరపువలె కనబడును గావున వాటికి చికిత్స చేయింపవలెను. పొగాకును ఆ దినముననే మానవలెను. అన్నింటికి మించి, రోగి మరచినప్పుడు కసరరాదు; మరపు అతని నేరము కాదు.

ఆసుపత్రులు తెలుగెరిగిన వారి సహాయమును పొందుటకు దూరము పోనక్కరలేదు. అక్కడి తెలుగు సంఘములలో చదువుకొన్న యువతీయువకులు కలరు. శిక్షణ ఇచ్చిన యెడల వారు పరీక్షలో దుబాసీలుగా నిలువగలరు. రోగి బంధువునే దుబాసీగా ఉంచరాదు. ప్రేమచేత అతడు పదమును అందించును, కొలత చెడును.

కిరణములను కనిపెట్టినవారు, యంత్రములను నిర్మించినవారు, వేలాది రోగులను ఓపికతో పరీక్షించినవారు తమ పని చేసిరి. సముద్రపు గుఱ్ఱమంత అవయవమును తప్పించి కిరణములను నడపు నేర్పు మనుష్యునకు అబ్బినది. రోగిని అతని భాషలో "ఈ పండ్రెండు మాటలు వినుడు, తరువాత మరల చెప్పుడు" అని అడుగుటకు అంత నేర్పు అక్కరలేదు, శ్రద్ధ చాలును. ఆ శ్రద్ధను కోరుట రోగి హక్కు, చూపుట మన విధి.